బీరువా వెనక గోడ

మా ఆయన వికెంతి చెల్లే డబ్బు ఇంటికి తెచ్చింది తక్కువ. చెల్లని డబ్బు మాత్రం పెళ్ళైన నాటి నుంచీ తెస్తూనే ఉన్నాడు. విప్లవం కొత్తలో అచ్చేసిన నోట్లు, అంతర్యుద్ధంలో ఊరికొకరు అచ్చేసుకున్న నోట్లు, వేల నుంచి లక్షలకు ఎగబాకి ఆఖరికి అగ్గిపెట్టె కొనడానికి కూడా పనికిరాకుండా పోయిన నోట్లు. మా గదిలో వాటికున్న మర్యాద నాకు లేదు. కిటికీ తెరిస్తే గాలికి ఎగురుతాయి కనుక ఆల్బమ్‌లు బయట ఉండగా తెరవకూడదు. చేపలు వేయించి గదిలోకి తేకూడదు, వాసన పడుతుంది. తడి బట్టలు ఆరెయ్యకూడదు, చెమ్మ తగులుతుంది. ఎండ పడితే రంగు వెలుస్తుందని ఎప్పుడూ తెరలు దించే ఉండాలి. లెనిన్‌గ్రాడ్‌లో ఎండ కాసేదే అరకొర, ఆ కాసిన రోజుల్లో కూడా నేను చీకట్లోనే కూర్చునేదాన్ని.

ఉన్నది ఒక్క గది. ఉమ్మడి ఫ్లాటులో గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒకే వంటగది, ఒకే స్నానాలగది. నేను సబ్బు రాసుకుంటూండగానే తలుపు మీద ఎవరో ఒకరు దబదబా బాదేవారు. ట్రామ్ డిపోలో రోజంతా గంటల మోత విని ఇంటికి వస్తే ఇక్కడ ఈ మోత. నా వయసు ఆడవాళ్ళు సముద్రతీరం గురించి కలలు కనేవారు, నేను లోపల గడియ ఉన్న స్నానాలగదిని కలగనేదాన్ని.

ఆ కల నిజమయ్యే రోజు వచ్చింది. మా భవనాన్ని లోపలంతా పడగొట్టి మళ్ళీ కట్టాలని నిర్ణయించారు. ఉన్నవాళ్ళందరికీ ఊరి అంచున కొత్తగా కట్టిన ఇళ్ళలో చోటు ఇస్తున్నారు. మాకు విడి ఫ్లాటు వచ్చింది. ఒక గది, ఒక వంటగది, స్నానాలగది. వెళ్ళి చూసొచ్చాను. స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, తొట్టి అంచు మీద కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎవ్వరూ తలుపు కొట్టలేదు. ఏడుపొచ్చింది.

షరతు ఒక్కటే. మార్చి ఆఖరులోగా పాత గది ఖాళీ చేసి, తాళం చెవులు అప్పజెప్పి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. లేకపోతే ఆ ఫ్లాటు వరుసలో తర్వాతి వాళ్ళకు పోతుంది.

"చూడమ్మా, మీ వెనక ఎంతమంది ఉన్నారో తెలుసా? ఒక్కరోజు ఆలస్యమైనా నేను చెయ్యగలిగిందేం లేదు. తర్వాత నా దగ్గరికొచ్చి ముక్కు చీదితే లాభం లేదు," అంది ఆఫీసులో ఆవిడ.

"ఆలస్యం ఎందుకవుతుందండీ! రేపు పొమ్మన్నా పోతాం," అన్నాను నేను. అప్పటికి నాకు గోడ సంగతి తెలీదు.

మా గదిలో ఓక్ చెక్క బీరువా ఒకటుండేది. మేం రాకముందు నుంచీ అక్కడే ఉంది. మొండెం చూస్తే రాజుగారి ఇంటిది, తలుపులు చూస్తే నాసిరకం ప్లైవుడ్‌వి. లోపల ఒక్క అర కూడా లేదు. కేషా, అంటే మా ఆయనే, ఇంట్లో అలాగే పిలుస్తాను, తాడు కట్టి బట్టలు వేలాడదీసే ఏర్పాటు చేశాడు. ఆ తలుపు ఊడి నా కాలి మీద పడ్డ ప్రతిసారీ, ఇంత మంచి చెక్కని పాడుచేసి ఈ అట్టముక్కలు బిగించిన వెధవ ఎవడో గానీ వాడి చేతులు పడిపోను అని తిట్టుకునేదాన్ని. గోడ కాగితం మార్చినప్పుడల్లా బీరువా చుట్టూ మార్చేవాళ్ళమే తప్ప దాన్ని జరిపే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. మా ముందున్నవాళ్ళూ అంతే చేశారని తర్వాత తెలిసింది.

మార్చి మధ్యలో ఇద్దరు కూలీలను పిలిపించాను. పనికిమాలిన బీరువా, విడగొట్టి కింద పారేస్తే పోతుందనుకున్నాం. వాళ్ళు ఓ పక్క పట్టి లాగారు. బీరువా మూలుగుతూ గోడ నుంచి ఊడొచ్చి, వంకరగా తిరిగి, సగం దూరం తలుపుకు అడ్డంగా వచ్చింది. దాని వీపుకి అంటుకుని గోడ కాగితం పెద్ద పేలికై చిరిగింది. కాగితం కింద పాత పత్రిక, పత్రిక కింద ఇంకేదో రంగు.

"ఆగండి!" అని కేషా పెట్టిన కేకకి కూలీల్లో ఒకడు బీరువా వదిలేసి చేతులు పైకెత్తాడు.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు గోడకు ఆనించాడు.

"నోన్నా," అన్నాడు చివరికి, గుళ్ళో మాట్లాడే గొంతుతో. "బాబిలోన్‌లు."

నాకు ఆ పేరు తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో తెలియక ఎక్కడికి పోతుంది. పందొమ్మిదివందల పందొమ్మిదిలో అచ్చేసిన నోట్లు. ప్రపంచ కార్మికులారా ఏకం కండి అని ఒకే నోటు మీద ఏడు భాషల్లో రాసి ఉంటుంది. అన్ని భాషలు కలగాపులగంగా ఉన్నాయని సేకరణవాళ్ళు వాటిని బాబిలోన్‌లంటారు. విడి నోట్లు అంత అపురూపం కాదు. కానీ గోడ మీద ఉన్నవి విడి నోట్లు కావు. అచ్చుయంత్రం నుంచి వచ్చినవి వచ్చినట్టే, కత్తెర పడని నిండు తావులు. గోడ కాగితం కొనాలంటే నోట్లు గోతంలో మోసుకెళ్ళాల్సిన రోజుల్లో, ఎవరో ఆ గోతం కూడా దండగనుకుని నోట్లనే గోడకు అంటించేశారు.

"మడత పడలేదు. ఎండ తగల్లేదు. బీరువా వెనక అరవై ఏళ్ళుగా చీకట్లో ఉన్నాయి. నోన్నచ్కా, ఇలాంటి తావు మా క్లబ్బులో ఒక్కడి దగ్గర లేదు, ఒక్కడి దగ్గర!"

"మంచిదే. చింపి తీసుకో. కానివ్వండి బాబూ, బీరువా ఇంకొంచెం పక్కకి..."

"ఎవ్వరూ ముట్టుకోవద్దు! అంగుళం కదిల్తే మూల గోడకి రాసుకుంటుంది. తావు చిరిగిపోతుంది. పొండి, పొండి, మీరింక పొండి!"

కూలీలు నా వంక చూశారు. నేను ఇచ్చిన వోడ్కా సీసా జేబులో పెట్టుకుని, పక్కకి తిరిగి, బీరువాకీ తలుపుకీ మధ్య నుంచి జారి వెళ్ళిపోయారు. వెళ్తూ ఒకడు నాతో, "అక్కా, మీ ఆయన తాగడు కదా?" అన్నాడు.

"తాగినా బావుండేది," అన్నాను.

ఆ రోజు నుంచి మా బతుకు బీరువా వెనకే. తలుపు జానెడు తప్ప తెరుచుకోదు. నేను సన్నటి మనిషిని కాను. గదిలోకి రావాలంటే ముందు సూప్ గిన్నె నెత్తి మీదికెత్తి, ఒక భుజం దూర్చి, ఊపిరి బిగబట్టి, మిగతా నన్ను లాక్కోవాలి. కోటు గుండీలు రెండు ఊడి అక్కడే ఎక్కడో పోయాయి. బీరువా అవతల కిటికీ పక్కన మంచం. మంచం మీద సర్దిన పెట్టెలు, పెట్టెల మీద ఆల్బమ్‌లు, మిగిలిన అంచు మీద నేను. గోడ దగ్గర ఆయన.

కేషా డిజైన్ ఆఫీసులో సెలవు పెట్టేశాడు. ఎముకతో చేసిన మొద్దు చాకు ఒకటి, తడిపి పిండిన ఊలుగుడ్డ ఒకటి పట్టుకుని పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదు. ముందు పత్రిక పొరని రవ్వరవ్వగా తీయాలి. తర్వాత తావు అంచుని గోడ నుంచి వెంట్రుకవాసి చొప్పున లేపాలి. రోజంతా చేస్తే అరచెయ్యంత వచ్చేది. గోడ మీదేమో అలాంటి తావులు వరుసగా ఉన్నాయి. అన్నీ తీస్తావా అని అడిగాను. ఒక్కటి, మధ్యలో ఉన్నది, ఒక్కటి చాలు అన్నాడు. ఆ ఒక్కటికే నెల సరిపోయేలా లేదు.

ఈ గోడకి ఒక చుట్టం కూడా తయారయ్యాడు. క్లబ్బులో పెద్ద సేకరణ ఉన్న ఇప్పొలిత్ మార్కొవిచ్. ఆయన సన్నగా ఉంటాడు గనక బీరువా పక్క నుంచి పాములా జొరబడేవాడు. భూతద్దం పెట్టి చూసి, నాలుక చప్పరించి, "వికెంతి, నా ఆల్బమ్ మొత్తంలోంచి ఏది కావాలంటే అది తీసుకో. కళ్ళు మూసుకుంటాను," అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ క్లబ్బులో ఆదివారం ఆదివారం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎప్పుడూ ఈయనే తక్కువ తీసుకుని ఎక్కువ ఇచ్చి వచ్చేవాడు. మొదటిసారి ఒకడు ఈయన ముందు కళ్ళు మూసుకుంటానన్నాడు.

ఇప్పొలిత్ వెళ్ళాక అడిగాను. "కేషా, నెలాఖరు వచ్చేస్తోంది."

"తెలుసు."

"తెలిస్తే?"

"ఫ్లాటులు కడుతూనే ఉంటారు నోన్నా. ఇది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?"

"నీకు అరవై ఏళ్ళ నాటి కాగితం దొరక్కపోతే ఏమవుతుంది? నాకు గడియ దొరక్కపోతే ఏమవుతుందో తెలుసా? నేను ఈ గదిలోనే చస్తాను. అందరూ పోయాక, నీళ్ళు ఆపేశాక, నువ్వూ నేనూ ఈ గోడా మిగుల్తాం."

ఆయన చాకు కింద పెట్టి నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "జీవితంలో ఒక్కటంటే ఒక్కటి నాకంటూ దొరికింది. ఇంకొకడు వదిలేస్తే నేను ఏరుకున్నది కాదు. అదీ నన్ను వదిలెయ్యమంటావా?"

"నేను ఒక్కదాన్నే వెళ్ళి సంతకం పెడతాను!"

"ఇద్దరి సంతకాలూ కావాలి," అన్నాడు. మామూలుగానే అన్నాడు, బెదిరింపేం లేదు. అందుకే ఇంకా మండింది.

తలుపు విసిరికొట్టి పోదామని లేచాను. కానీ పోవాలంటే పక్కకి తిరగాలి, పొట్ట లోపలికి లాక్కోవాలి, ఒక్కో చెయ్యీ ముందుకు చాచాలి. అలా ఇరుక్కుంటూ వెళ్ళేవాళ్ళ కోపం ఎవరికి లెక్క. మధ్యలో జడపిన్ను ప్లైవుడ్ తలుపుకు తగులుకుంది. విడిపించుకునేసరికి ఏడుపే మిగిలింది. వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

అక్కడ గ్లాషా పిన్ని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. పూర్తి పేరు గ్లాఫీరా ఒసిపోవ్నా, ఫ్లాటులో అందరికీ గ్లాషా పిన్ని. వంటగది పక్కన ఇరుకు గదిలో ఒంటరిగా ఉంటుంది. చెక్కు ఎంత పల్చగా తీస్తుందంటే అవతల వెలుతురు కనిపిస్తుంది. బల్ల మీద రొట్టె పొడి రాలితే అరచేత్తో కూడదీసి నోట్లో వేసుకుంటుంది. పిసినారితనం అని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

"ఏమ్మాయ్, ఇంకా గోడ దగ్గరేనా మీ ఆయన?"

"గోడకిచ్చి పెళ్ళి చేస్తే సరిపోయేది పిన్నీ. మీరు సర్దుకున్నారా?"

"నాకేం సర్దుడు. ఓ మూట. ఆఖరి రోజు ఆ ఆఫీసువాళ్ళ బండి వస్తుందట," అని ఇంకో దుంప తీసుకుంది. "ఆ బీరువా తలుపుకి అడ్డంగా పడిందట కదా. నిజమేనా, కదిలిందా అది?"

"ఇద్దరు మగాళ్ళు లాగితే కదిలింది. కదిలి నా కొంప ముంచింది."

ఆవిడ మళ్ళీ చెక్కు తీయడంలో పడింది. ఒకప్పుడు మా గది వాళ్ళదేనని, యుద్ధం అయ్యాక ఒంటరి మనిషికి అంత గది ఎందుకని ఈ ఇరుకు గదికి మార్చారని మాకు తెలుసు. మా గడప మాత్రం ఆవిడ ఏనాడూ దాటలేదు. ఉప్పు కావాలన్నా, పండగనాడు కేకు ఇవ్వాలన్నా గుమ్మం బయటే నిలబడేది. గది పోయిందని అక్కసు అనుకునేదాన్ని నేను.

ఆఖరి ఆదివారం వచ్చింది. మర్నాడు చెవులు ఇవ్వాలి. ఫ్లాటులో దాదాపు అందరూ వెళ్ళిపోయారు. నడవలో బల్బులు కూడా విప్పుకుపోయారు. తావు సగం దాకా గోడ నుంచి లేచి, పైన వేళ్ళాడుతోంది. మిగతా సగం చాకుతో తీయాలంటే ఇంకో వారం పడుతుంది. ఆవిరి పడితే గంటలో వస్తుందన్నాడు కేషా.

"పట్టు మరి! కెటిల్ పెట్టనా?"

"జిగురు ఏదో తెలియాలి. పిండి జిగురైతే ఆవిరికి మెత్తబడి హాయిగా వచ్చేస్తుంది. వడ్రంగి జిగురైతే కరిగి కాగితంలోకి ఇంకుతుంది. పసుపు మరక పడితే ఇంక దేనికీ పనికిరాదు. రంగు చూసి వడ్రంగి జిగురే అంటాడు ఇప్పొలిత్. నాకు పిండి అనిపిస్తుంది."

"ఎలా తెలుస్తుంది?"

"అంటించినవాళ్ళని అడగాలి," అన్నాడు. అని, ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నుదురు కొట్టుకున్నాడు. "గ్లాషా పిన్ని వాళ్ళదే కదా ఈ గది! వాళ్ళమ్మే అంటించి ఉంటుంది. ఒక్క మాట అడిగితే పోయేదానికి!"

నేను వద్దనే లోపే కేక పెట్టాడు. ఆవిడ నడవలోనే ఉన్నట్టుంది. అలికిడి అయింది. బీరువా పక్క సందులో నుంచి ఆవిడ బూడిదరంగు శాలువా కనిపించింది.

"గ్లాషా పిన్నీ! చిన్న సాయం. ఈ గోడకి మీ అమ్మగారు నోట్లు అంటించారు కదా, ఏ జిగురుతో అంటించారో మీకేమైనా గుర్తుందా? పిండా? మీ ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే..." కేషా గొంతులో పిల్లవాడి ఉత్సాహం.

మేమిద్దరం బయటి నుంచి వచ్చినవాళ్ళం. ఆయనది వోలగ్దా ఊరు, నాది ప్స్కోవ్. యుద్ధం అయ్యాక పనికోసం వచ్చాం. కానీ ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాక, ఆ వయసు మనుషుల్ని గోడ జిగురు గురించి అడగకూడదని తెలియకుండా ఎలా ఉంటుంది? యుద్ధంలో జర్మన్లు ఊరిని ముట్టడించి తిండి రానివ్వని ఆ చలికాలంలో జనం ఏం తిన్నారో తెలియనివాళ్ళెవరు? నాకు తెలుసు. కేషాకీ తెలుసు. అయినా ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చేసింది, ఎందుకంటే అప్పుడు ఆయనకి కనిపిస్తున్నది కాగితం ఒక్కటే.

"కేషా, నోరు ముయ్," అన్నాను.

గ్లాషా పిన్ని గడప మీద కాసేపు ఆగింది. తర్వాత లోపలికి వచ్చింది. నేను నానా తంటాలు పడే ఆ సందులోంచి ఆవిడ పక్కకి తిరగకుండానే వచ్చేసింది, అంత మనిషే ఆవిడ. మా వైపు చూడలేదు. మూడు గోడల వైపూ చూసింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, లేచిన తావు కింద పసుపుపచ్చగా గడ్డకట్టిన పొర మీద గోరుతో గీకింది. వేలికి అంటిన పొడిని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"పిండే," అంది. "రై పిండి. అమ్మ చేతి జిగురే."

కేషా చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయనకు కావలసిన జవాబు వచ్చింది. నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూడలేకపోయాడు.

"మిగతా మూడు గోడలూ తినేశాం అమ్మాయ్," అంది ఆవిడ నాతో, మామూలు గొంతుతో, వంటగదిలో మాట్లాడుకున్నట్టే. "కిటికీ పక్కదానితో మొదలుపెట్టాం. కాగితాలు చింపడం, నానబెట్టడం, పిండటం. ఆ నీళ్ళు కాచి తాగేవాళ్ళం. గోడకి మిగిలింది చెంచాతో గీకాం. పిండిన కాగితాలు పొయ్యిలో వేశాం."

"నోట్లు కూడానా?" అన్నాడు కేషా.

లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది. కానీ అది తెలిసి అన్న మాట కాదు. అన్నాక ఆయనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నోట్లు బాగా మండాయి బాబూ. మంచి కాగితం." ఆవిడ బీరువా వైపు తిరిగి ప్లైవుడ్ తలుపు మీద చెయ్యి వేసింది. "దీని అరలు కాల్చాం. తలుపులు కాల్చాం. మొండెం మాత్రం లొంగలేదు. గొడ్డలి ఎత్తితే నా చెయ్యే వెనక్కి వాలిపోయేది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంక మిగిలింది దీని వెనక గోడ. అది చెమ్మ గోడ కదా, అక్కడ జిగురు దట్టంగా పట్టించానని అమ్మకి గుర్తు. రోజూ అదే మాట. అక్కడ బోలెడుంది, బోలెడుంది అని. అమ్మా నేనూ భుజాలు ఆనించి తోసేవాళ్ళం. తమ్ముడు తిమోషా మంచం మీద. ఇదిగో, మీ మంచం ఉన్నచోటే. లేవలేడు వాడు. పడుకునే చూస్తూ, 'కదిలింది అక్కా, కొంచెం కదిలింది, ఇంకొంచెం' అనేవాడు."

ఆల్బమ్‌ల మీదే కూర్చున్నాను. కేషా ఏమీ అనలేదు.

"కదల్లేదు. మేం బాధపడతామని అలా అనేవాడు. ఫిబ్రవరిలో పోయాడు. తర్వాత అమ్మ. నన్ను ఆసుపత్రికి మోసుకుపోయారు." శాలువా సరిచేసుకుంది. "సరే. పిండి జిగురే బాబూ. నీ పని చూసుకో."

ఆవిడ వెళ్ళబోయింది. కేషా చాకుని కిటికీ గట్టు మీద పెట్టాడు. లేచిన తావుని రెండు చేతులతో మెల్లగా గోడకు ఆనించి, పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. అది నిలవలేదు, మళ్ళీ ముందుకు వాలింది.

"నోన్నా, బీరువా వెనక్కి జరుపుదాం. గోడకి ఆనించేద్దాం. తలుపు తెరుచుకుంటుంది. రేపు పొద్దున్నే వెళ్ళి సంతకాలు పెడదాం."

ఇన్నాళ్ళూ నేను వినాలని చచ్చిపోయిన మాట అది. విన్నాక నాకు సంతోషం కలగలేదు.

ఇద్దరం భుజాలు ఆనించాం. బీరువా కదల్లేదు. ఇన్నాళ్ళు ఒకేచోట నిలబడి నేల చెక్కల్లో కాళ్ళు పాతుకున్నట్టుంది. గ్లాషా పిన్ని సందు దగ్గరే ఆగి చూస్తోంది. ఆవిడ చూస్తూండగా ఆ బీరువా కదలకపోవడం నాకు భరించరానిదయింది. డిపోలో బరువైన సామాను జరిపేటప్పుడు మేం చేసే పని గుర్తొచ్చింది. కిటికీ తెరిచాను. ఆల్బమ్‌లు రెపరెపలాడాయి, కేషా వాటి వంకైనా చూడలేదు. చలికి పాడవకుండా బయట మేకుకి వేళ్ళాడదీసిన సంచిలోంచి ఉప్పు పట్టించిన పంది కొవ్వు ముక్క తీశాను. కింద తోలు కోసి నాలుగు ముక్కలు చేశాను. కేషా పొయ్యి కదిపే ఇనపచువ్వతో బీరువా కాళ్ళు ఒక్కోటీ ఎత్తి పట్టుకుంటే, కొవ్వు ఉన్న వైపు నేలకి వచ్చేలా తోళ్ళు కింద దోపాను.

గ్లాషా పిన్ని నా చేతుల వైపే చూస్తోంది.

"జారుతుంది పిన్నీ. ఎంత బరువైనా ఈ తోలు వేస్తే జారుతుంది," అన్నాను సంజాయిషీలా.

"మాకూ తెలుసమ్మాయ్, అమ్మ కూడా అలానే జరిపేది," అంది. పెదవి కొద్దిగా వంగింది, నవ్వో ఏమో. "ఈ తోలే ఉంటే, అప్పుడు బీరువా ఎందుకు జరుపుతాం?"

నా చేతులకు జిడ్డు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కేషా ఒక పక్క, నేను ఒక పక్క ఆనుకున్నాం. మా మధ్యకి గ్లాషా పిన్ని వచ్చింది. శాలువా తీసి మంచం మీద పెట్టింది. రెండు అరచేతులూ చెక్కకి ఆనించి, కుడి భుజం కిందికి దించింది. ఆ వాటం నేర్చుకుంటే వచ్చేది కాదు.

"ఊ," అంది.

తోశాం. బీరువా కిర్రుమంది. ఆగింది. తర్వాత ఒక్కసారిగా, మంచు మీద బండిలా, తేలిగ్గా జారింది. గోడకి తగిలి చిన్న చప్పుడు చేసింది. నోట్లు, పత్రికలు, జిగురు అన్నీ దాని వెనక్కి వెళ్ళిపోయాయి. నేల మీద కొవ్వు చారలు మిగిలాయి.

గ్లాషా పిన్ని చేతులు ఇంకా ఆనించే ఉంది. తల మాత్రం తిప్పి, పెట్టెలు పేర్చిన మా మంచం వైపు చూసింది.

"కదిలింది," అంది, మంచం మీద ఎవరో పడుకుని ఉన్నట్టు. "ఈసారి నిజంగానే."

తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. కేషా వెళ్ళి దాన్ని గోడ దాకా తెరిచాడు కూడా. నడవలోంచి చల్లగాలి వచ్చింది. ముగ్గురిలో ఎవరమూ బయటికి కదల్లేదు.